రెండో సాక్షి



2000వ సంవత్సరం, జూలై 29వ తేదీ రాత్రి. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ నుంచి వచ్చిన బోయింగ్ 767 విమానం ఒకటి పసిఫిక్ మహాసముద్రం నడుమ దీవుల దేశమైన సమోవాలో దిగబోతోంది. ఎయిర్ న్యూజిలాండ్ వారి విమానం అది. లోపల 176 మంది ఉన్నారు. బయట చిమ్మచీకటి, కింద సముద్రం. కాక్‌పిట్‌లో ముగ్గురు పైలట్లు. వాళ్ళ ఎదురుగా ఉన్న పరికరంలో ముల్లు పైకీ కిందికీ కదలకుండా సరిగ్గా మధ్యలో నిలిచి ఉంది. ముల్లు మధ్యలో ఉందంటే విమానం సరైన వాలులో దిగుతోందని అర్థం. సిగ్నల్‌లో లోపం ఉంటే కనిపించాల్సిన హెచ్చరిక గుర్తు కూడా లేదు.

అయినా విమానం తీరు వాళ్ళకు నచ్చలేదు. ఎంత ప్రయత్నించినా వేగం అనుకున్నట్టు తగ్గడం లేదు. పక్క కిటికీలోంచి చూస్తే దీవిలోని దీపాలు ఉండాల్సిన చోట లేవు, మరీ దగ్గరగా ఉన్నాయి. దూరం చెప్పే మీటరు చూశారు. రన్‌వే ఇంకా అయిదున్నర నాటికల్ మైళ్ళ అవతల ఉంది. అంటే పది కిలోమీటర్లు. ఎత్తు చూశారు. సుమారు 400 అడుగులు. కెప్టెన్ మారు ఆలోచించలేదు. ఇంజన్ల శక్తి పెంచి విమానాన్ని మళ్ళీ ఆకాశంలోకి లేపాడు. రెండోసారి ఆ ముల్లును పక్కనబెట్టి, దూరాన్నీ ఎత్తునూ సరిచూసుకుంటూ వచ్చి క్షేమంగా దిగారు. ఎవరికీ చిన్న గాయమైనా కాలేదు.

ఆ రాత్రి ముల్లు ఎందుకలా చెప్పింది? ఇలాంటివి ఇంకెక్కడ జరిగాయి? ఇవాళ మన దేశపు ఆకాశంలో ఈ సమస్య ఏ రూపంలో వచ్చింది? ఈ ప్రసంగంలో ఆ సంగతులు మీతో పంచుకుంటాను. విమానం ఎక్కేవాళ్ళకే కాదు, పిల్లల్ని విమానం ఎక్కించి పంపి, క్షేమంగా చేరామన్న ఫోను కోసం ఎదురుచూసే తల్లిదండ్రులకు కూడా ఇది తెలియాల్సిన విషయం.

మబ్బులోనో, పొగమంచులోనో విమానం దిగేటప్పుడు పైలట్‌కు నేల కనిపించదు. అప్పుడు దారి చూపేది ఐఎల్ఎస్ అనే ఏర్పాటు. దీని పని తీరు వినడానికి కష్టమైనది కాదు. రన్‌వే పక్కన ఒక యాంటెన్నా ఉంటుంది. అది రేడియో తరంగాల మీద రెండు స్వరాలను పంపుతుంది. ఒకటి సెకనుకు 90 కంపనాల స్వరం, రెండోది 150 కంపనాల స్వరం. విమానం ఉండాల్సిన వాలుకంటే పైన ఉంటే 90 స్వరం గట్టిగా వినిపిస్తుంది, కింద ఉంటే 150 స్వరం గట్టిగా వినిపిస్తుంది. రెండూ సమానంగా ఉన్నాయంటే సరైన వాలులో ఉన్నట్టు. ఈ వాలు మామూలుగా మూడు డిగ్రీలు. దీన్ని గ్లైడ్‌స్లోప్ అంటారు. రన్‌వే చివర మరో యాంటెన్నా వరస ఇదే పద్ధతిలో కుడి ఎడమల సంగతి చెబుతుంది. దాని పేరు లోకలైజర్. ఈ స్వరాలు వినేది మనిషి చెవి కాదు, విమానంలోని రిసీవర్. అది రెండింటి తేడాను కొలిచి ముల్లును కదిలిస్తుంది.

ఇప్పుడు సమోవాలో ఏం జరిగిందో చూద్దాం. తవ్వకాల్లో ఒక కేబుల్ తెగింది. ట్రాన్స్‌మిటర్ బాగా పనిచేస్తోందో లేదో కంట్రోల్ టవర్‌కు చెప్పే కేబుల్ అది. దాంతో టవర్‌లో ఉన్నవాళ్ళకు ట్రాన్స్‌మిటర్ ఆరోగ్యం తెలిసే మార్గం పోయింది. అటుపక్క ట్రాన్స్‌మిటర్‌ను బైపాస్ స్థితిలో వదిలేశారు. అంటే తనలో లోపం వచ్చినా తనంతట తాను ఆగిపోకుండా పనిచేస్తూనే ఉండే స్థితి. లోపం రానే వచ్చింది. రెండు స్వరాల మధ్య తేడా చూపాల్సిన భాగం ఆగిపోయింది. స్వరాలు రెండూ ఎక్కడ చూసినా సమానంగానే వెళ్తున్నాయి. పైన ఉన్నా సమానమే, కింద ఉన్నా సమానమే. రిసీవర్‌కు తేడా కనిపించలేదు కాబట్టి ముల్లును మధ్యలో నిలబెట్టింది. సిగ్నల్ వస్తూనే ఉంది కాబట్టి హెచ్చరిక గుర్తు చూపలేదు. రిసీవర్ తనకు అందినదాన్ని ఉన్నదున్నట్టు చెప్పింది. కానీ ఆ రాత్రి విమానం ఏ ఎత్తులో ఉన్నా ముల్లు అదే మాట చెప్పేది.

మరి ప్రాణాలను కాపాడింది ఏమిటి? కిటికీలోని దీపాలు, దూరం చెప్పే మీటరు, ఎత్తు చెప్పే మీటరు. ఇక్కడ మీకు పైలట్లు చదివే ఒక ఎక్కం చెబుతాను. మూడు డిగ్రీల వాలులో దిగే విమానం రన్‌వేకి ఒక నాటికల్ మైలు దూరంలో రమారమి 300 అడుగుల ఎత్తులో ఉండాలి. రెండు మైళ్ళకు 600, మూడు మైళ్ళకు 900, అయిదు మైళ్ళకు 1,500. అంతే లెక్క. మూడో ఎక్కం వచ్చిన పిల్లవాడు కూడా చెప్పగలడు. సమోవాలో అయిదున్నర మైళ్ళ దగ్గర ఉండాల్సిన ఎత్తు 1,650 అడుగులు. ఉన్నది 400. ముల్లు ఏం చెప్పినా ఎక్కం ఒప్పుకోలేదు.

రచ్చబండ దగ్గర పంచాయతీ జరిగితే పెద్దలు ఒక్క సాక్షి మాట విని తీర్పు చెప్పరు. ఇంకెవరైనా చూశారా అని అడుగుతారు. రెండో సాక్షి మొదటి సాక్షికి అన్నో తమ్ముడో అయితే ఆ మాటకు అంత బరువు ఇవ్వరు. రెండో సాక్షి వేరే ఇంటివాడై ఉండాలి. విమానం దిగేటప్పుడు కూడా ధర్మం ఇదే. ఈ ప్రసంగంలో నేను చెప్పదలచుకున్న మాట కూడా ఇదొక్కటే. మిగతావన్నీ దీనికి ఉదాహరణలే.

గ్వామ్ దీవి సంగతి చూడండి. 1997 ఆగస్టు 6 తెల్లవారుజామున కొరియన్ ఎయిర్ వారి బోయింగ్ 747 అక్కడ దిగబోయింది. ఆ రోజుల్లో గ్వామ్ రన్‌వేకి గ్లైడ్‌స్లోప్ మరమ్మతులో ఉంది, పనిచేయడం లేదు. ఆ మాట పైలట్లకు ముందే తెలుసు. కాబట్టి దూరాన్ని చూసుకుంటూ మెట్టు మెట్టుగా ఎత్తు తగ్గించుకోవాలి. అయితే గ్వామ్‌లో దూరం చెప్పే పరికరం రన్‌వే దగ్గర లేదు. 3.3 నాటికల్ మైళ్ళ ఇవతల, నిమిట్జ్ అనే కొండ మీద ఉంది. అలసిపోయిన పైలట్లు, వాన, చీకటి. పనిచేయని గ్లైడ్‌స్లోప్ పనిచేస్తోందా అన్న అనుమానం కాక్‌పిట్‌లో చివరిదాకా నలిగింది. మెట్లు తప్పాయి. విమానం ఆ కొండనే తాకింది. 254 మందిలో 228 మంది చనిపోయారు. నేలకు మరీ దగ్గరగా వస్తున్న విమానాన్ని గుర్తించి కంట్రోలర్‌ను హెచ్చరించే రాడార్ ఏర్పాటు అక్కడ ఉంది. కానీ తప్పుడు హెచ్చరికలు ఎక్కువగా ఇస్తోందని దాన్ని ముందే కట్టడి చేసి ఉంచారు. అది మామూలుగా ఉండి ఉంటే నేల మీద ఒక సాక్షి మేలుకొని ఉండేది.

సాక్షి చెప్పేది ఎవరి గురించో సరిచూసుకోకపోతే ఏమవుతుందో అంతకు రెండేళ్ళ ముందు కొలంబియాలో తెలిసింది. 1995 డిసెంబరు 20న అమెరికన్ ఎయిర్‌లైన్స్ వారి బోయింగ్ 757 కాలీ నగరంలో దిగబోతోంది. దారిలో రోజో అనే రేడియో కేంద్రం ఉంది. మ్యాపులో దాని గుర్తు ఆర్ అనే ఒక్క అక్షరం. పైలట్ కంప్యూటర్‌లో ఆర్ అని నొక్కాడు. కంప్యూటర్‌కు మాత్రం ఆర్ అంటే బొగోటా దగ్గరున్న రోమియో అనే వేరే కేంద్రం. విమానం ఎడమకు తిరిగి కొండల్లోకి వెళ్ళింది. 159 మంది చనిపోయారు, నలుగురు బతికారు. కంప్యూటర్ తనను అడిగిన చోటికే తీసుకెళ్ళింది. ఆ తిరగడం సరైనదేనా అని పక్కనున్న మరో పరికరంతో వెంటనే పోల్చి చూసుకునే తీరిక ఆ కాసిన్ని క్షణాల్లో వాళ్ళకు దొరకలేదు.

ఇవన్నీ పాతకాలపు సంగతులు, ఇప్పుడు అంతా కచ్చితంగా ఉంటుంది కదా అని మీకు అనిపించవచ్చు. 2022 మే 23న పారిస్‌లో జరిగినది వినండి.

స్టాక్‌హోం నుంచి 172 మంది ప్రయాణికులతో, ఆరుగురు సిబ్బందితో ఒక ఎయిర్‌బస్ ఎ320 విమానం పారిస్ చార్లెస్ డి గాల్ విమానాశ్రయానికి వస్తోంది. ఆ రన్‌వేకి ఐఎల్ఎస్ ఆ సమయంలో పనిచేయడం లేదు. కాబట్టి ఉపగ్రహాల ఆధారంగా దిగే పద్ధతిని ఎంచుకున్నారు. ఈ పద్ధతిలో ఒక రకం ఉంది. కుడి ఎడమల సంగతి ఉపగ్రహాలు చెబుతాయి. ఎత్తు సంగతి మాత్రం విమానంలోని ఆల్టిమీటర్ చెబుతుంది. ఆల్టిమీటర్ కొలిచేది నిజానికి ఎత్తును కాదు, గాలి ఒత్తిడిని. గాలి ఒత్తిడి రోజురోజుకీ, గంటగంటకీ మారుతుంది. అందుకని దిగే ముందు కంట్రోలర్ ఆ ఊరి ఒత్తిడి ఎంతో ఒక అంకె చెబుతారు. పైలట్ ఆ అంకెను ఆల్టిమీటర్‌లో పెడతాడు.

ఆ రోజు అసలు అంకె 1001. కంట్రోలర్ నోట వచ్చిన అంకె 1011. పైలట్ విన్నది విన్నట్టు 1011 అని తిరిగి చెప్పి అదే పెట్టాడు. అంకెలో పది తేడా అంటే ఎత్తులో సుమారు 280 అడుగుల తేడా. విమానం తన లెక్కలో సరైన వాలులోనే ఉంది. నిజానికి 280 అడుగులు కిందుగా, ఆ వాలుకు సమాంతరంగా దిగుతోంది. వాన జల్లు పడుతోంది, రన్‌వే కనిపించడం లేదు. పైలట్లు నియమం ప్రకారం నిర్ణయించుకోవాల్సిన ఎత్తు దాకా వచ్చి, రన్‌వే కనిపించలేదని విమానాన్ని పైకి లేపారు. ఆ లేపే క్షణాల్లో విమానం నేలకు ఎంత దగ్గరగా వచ్చిందో ఫ్రాన్స్ దర్యాప్తు సంస్థ బీఈఏ తేల్చింది. ఆరు అడుగులు. రన్‌వే అంచు ఇంకా కిలోమీటరున్నర దూరంలో ఉంది.

ఆరు అడుగులంటే నిలువెత్తు మనిషి. ఆ చోట ఓ చెట్టుంటే చాలు.

ఈ ఘటనలో నన్ను బాగా కలవరపెట్టిన విషయం ఒకటుంది. ఇందాక చెప్పుకున్న మూడు వందల ఎక్కం ఇక్కడ పనికిరాదు. ఎందుకంటే ఎక్కంలో వేసుకునే ఎత్తు కూడా ఆ ఆల్టిమీటర్ చెప్పేదే. అయిదు మైళ్ళకు 1,500 అని అది చూపుతూనే ఉంటుంది. ముల్లుదీ ఆల్టిమీటర్‌దీ ఒకే ఇల్లు, ఒకే తప్పు. ఐఎల్ఎస్ పనిచేస్తూ ఉంటే పరిస్థితి వేరుగా ఉండేది. గ్లైడ్‌స్లోప్‌కు గాలి ఒత్తిడితో పని లేదు. అది చూపిన వాలుకూ ఆల్టిమీటర్ చూపిన ఎత్తుకూ పొత్తు కుదరక 280 అడుగుల తేడా బయటపడేది. నేల మీద కంట్రోలర్‌కు రాడార్ హెచ్చరిక వచ్చింది, ఆయన పైలట్లతో మాట్లాడారు. కానీ అప్పటికే విమానం నేలను సమీపించింది. విమానంలో ఉన్న నేల హెచ్చరిక యంత్రం మోగలేదు. రెండో ప్రయత్నంలోనూ అదే తప్పు అంకె ఉంది. అయితే ఈసారి రన్‌వే పక్కనున్న దీపాలు కనిపించి, వాటిని బట్టి వాలు సరిచేసుకుని దిగారు. మళ్ళీ కాపాడింది ఒత్తిడితో చుట్టరికం లేని సాక్షి.

ఇక ఉపగ్రహాల సంగతికి వద్దాం.

జీపీఎస్ ఉపగ్రహాలు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతుంటాయి. అక్కడి నుంచి వచ్చే సిగ్నల్ మన దాకా చేరేసరికి చాలా బలహీనమైపోతుంది. ఆ సిగ్నల్ బయల్దేరిన సమయానికీ చేరిన సమయానికీ తేడా చూసి రిసీవర్ దూరం లెక్కకడుతుంది. సెకనులో పది లక్షల్లో ఒక వంతు తప్పితే దూరం 300 మీటర్లు తప్పుతుంది. స్థానం తెలియడానికి నాలుగు ఉపగ్రహాలు చాలు. కానీ విమానానికి అవి సరిపోవు. నాలుగింటిలో ఒకటి తప్పు చెబుతోందని కనిపెట్టాలంటే అయిదోది కావాలి. ఏది తప్పు చెబుతోందో పట్టుకుని దాన్ని లెక్కలోంచి తీసేయాలంటే ఆరోది కావాలి. చూశారా, ఇక్కడా సాక్షుల లెక్కే.

విమానయాన శాస్త్రంలో కచ్చితత్వం వేరు, విశ్వసనీయత వేరు. గడియారం రోజూ సరిగ్గా నడవడం కచ్చితత్వం. అది తప్పిన రోజున, నేను తప్పాను, నన్ను చూడకండి అని చెప్పగలగడం విశ్వసనీయత. ఉపగ్రహాల సాయంతో మామూలుగా దిగే పద్ధతిలో చివరి అంచెలో విమానం తన దారి నుంచి 0.3 నాటికల్ మైలు, అంటే సుమారు 556 మీటర్లు దాటకుండా నూటికి 95 వంతుల సమయం ఉండాలి. అది కచ్చితత్వపు నియమం. కానీ వాలును కూడా ఉపగ్రహాలే చూపే మెరుగైన పద్ధతులకు అంతర్జాతీయ ప్రమాణం ఇంకా గట్టిగా ఉంటుంది. హద్దు మీరిన తప్పు హెచ్చరిక లేకుండా జారిపోయే అవకాశం కోటి సార్లు దిగితే రెండు సార్లకు మించకూడదు. హెచ్చరిక సెకన్లలో అందాలి.

ఈ పని కోసమే మన ఇస్రో, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కలిసి గగన్ అనే వ్యవస్థను కట్టాయి. ఇది మన శాస్త్రజ్ఞులు గర్వపడాల్సిన పని. ఎందుకంటే భూమధ్యరేఖకు దగ్గరి దేశాల మీద ఆకాశం పై పొర, అయనోస్ఫియర్, ఊరికే కుదురుగా ఉండదు. ముఖ్యంగా సాయంత్రం పూట అల్లకల్లోలం అవుతుంది. అందులోంచి వచ్చే ఉపగ్రహ సిగ్నల్ ఆలస్యమై, దూరం లెక్క తప్పుతుంది. మన తెలుగు నేల మీది ఆకాశం కూడా అలాంటిదే. గగన్ నేల మీద 15 కేంద్రాల్లో ఈ తప్పును నిరంతరం కొలుస్తూ, దిద్దుబాటును తన ఉపగ్రహాల ద్వారా విమానాలకు పంపుతుంది. నమ్మదగని ఉపగ్రహం ఏదో కూడా చెబుతుంది. 2015లో దానికి వాలు చూపుతూ విమానాన్ని దించే పనికి అనుమతి వచ్చింది. 2022 ఏప్రిల్‌లో ఇండిగో వారి ఏటీఆర్ విమానం రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్‌లో గగన్ సాయంతో దిగింది. ఐఎల్ఎస్ పెట్టుకోలేని చిన్న ఊళ్ళకు ఇది వరం.

అయితే గగన్ దిద్దేది ప్రకృతి చేసే తప్పును. మనిషి కావాలని చేసే మోసాన్ని ఆపడం దానివల్ల కాదు. ఆ మోసం రెండు రకాలు. మొదటిది జామింగ్. గోల చేసి అసలు సిగ్నల్‌ను వినపడనీయకపోవడం. రెండోది స్పూఫింగ్. అసలు సిగ్నల్‌లాగే ఉండే దొంగ సిగ్నల్‌ను పంపి, విమానం ఉన్న చోటు ఒకటైతే మరో చోటు అని నమ్మించడం. మొదటిదానిలో సాక్షి నోరు నొక్కుతారు. రెండోదానిలో సాక్షి వేషంలో మరొకడు వచ్చి నిలబడతాడు. అందుకే రెండోది ఎక్కువ ప్రమాదం.

యుద్ధాలు జరుగుతున్న ప్రాంతాల చుట్టూ డ్రోన్లనూ క్షిపణులనూ దారి తప్పించడానికి ఈ దొంగ సిగ్నళ్ళను వాడుతున్నారు. 2023 సెప్టెంబరు నుంచి పశ్చిమాసియా ఆకాశంలో పౌర విమానాలు కూడా వీటి బారిన పడుతున్నట్టు పైలట్లు చెప్పడం మొదలుపెట్టారు. మన హైదరాబాద్ నుంచి గల్ఫ్‌కూ, ఐరోపాకూ వెళ్ళే దారులు ఆ ప్రాంతాల మీదుగానో, పక్కగానో పోతాయి. మన దేశంలో 2023 నవంబరు నుంచి 2025 ఫిబ్రవరి దాకా 465 ఘటనలు నమోదయ్యాయని ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది. అవి ఎక్కువగా సరిహద్దు దగ్గర, అమృత్‌సర్, జమ్మూ ప్రాంతాల్లో జరిగినవి.

ఆ తర్వాత 2025 నవంబరులో అది దేశ రాజధానికే వచ్చింది. ఢిల్లీ విమానాశ్రయంలో 10వ నంబరు రన్‌వే వైపు జీపీఎస్ ఆధారంగా దిగుతున్న విమానాలకు దొంగ సిగ్నళ్ళు తగిలాయి. పౌర విమానయాన మంత్రి, మన శ్రీకాకుళం వాసి కింజరాపు రామ్మోహన్ నాయుడు డిసెంబరు 1న పార్లమెంటుకు ఈ సంగతి తెలిపారు. ఇలాంటి ఘటనలు కోల్‌కతా, అమృత్‌సర్, ముంబై, హైదరాబాద్, బెంగళూరు, చెన్నై నుంచి కూడా వచ్చాయని ఆ జవాబులో ఉంది. నేల మీది పరికరాలతో దిగే విమానాలకు ఢిల్లీలో ఇబ్బంది కలగలేదు. నేల మీది పాత పరికరాలను ఒక కనీస సంఖ్యలో నిలుపుకుంటున్నామని కూడా ప్రభుత్వం చెప్పింది. నా దృష్టిలో ఆ జవాబు మొత్తంలో అతి ముఖ్యమైన వాక్యం అదే.

దొంగ సిగ్నల్ వస్తే విమానంలో ఏమవుతుందో ఊహించండి. మ్యాపు మీద విమానం బొమ్మ పక్కకు జరుగుతుంది. గడియారం మారుతుంది. విమానంలో ఉన్న నేల హెచ్చరిక యంత్రం తాను ఎక్కడున్నదీ జీపీఎస్‌ను బట్టే తెలుసుకుంటుంది. దాంతో ముప్పయి వేల అడుగుల ఎత్తులో కూడా, ముందు నేల ఉంది, పైకి లేపు అని అరుస్తుంది. పైలట్ ఉలిక్కిపడి చూస్తే ఏమీ ఉండదు. ఒకసారి, రెండుసార్లు, పదిసార్లు ఇలా జరిగితే? నాన్నా పులి కథ మనందరికీ తెలుసు. నిజంగా పులి వచ్చిన రోజున ఎవరూ రాలేదు. కొండను తాకే ప్రమాదాల నుంచి వేలమందిని కాపాడుతున్న ఆ యంత్రం మాట మీద పైలట్లకు నమ్మకం సడలితే మనం గ్వామ్ రోజులకు తిరిగి వెళ్ళినట్టే. ప్రస్తుతం నన్ను అన్నిటికన్నా ఎక్కువగా భయపెట్టేది ఇదే.

దీనికి మందు ఉందా? ఉంది. ఐరోపాలో ఎస్టోనియా దేశంలో టార్టు అనే ఊరు చూపించింది. అక్కడ దిగడానికి విమానాలు వాడే పద్ధతి జీపీఎస్ మీదే ఆధారపడి ఉండేది. 2024 ఏప్రిల్‌లో జీపీఎస్‌కు అంతరాయం కలిగి హెల్సింకి నుంచి వచ్చిన రెండు ఫిన్‌ఎయిర్ విమానాలు దిగలేక వెనక్కు వెళ్ళాయి. సంస్థ నెల రోజులకు పైగా ఆ ఊరికి సర్వీసు ఆపేసింది. దూరం చెప్పే నేల కేంద్రాల మీద ఆధారపడి దిగే పద్ధతిని తయారు చేశాక, జూన్‌లో మళ్ళీ మొదలుపెట్టింది. ఆపేయడానికి కావాల్సింది ధైర్యం, తిరిగి మొదలుపెట్టడానికి కావాల్సింది రెండో సాక్షి. రెండూ అక్కడ సమకూరాయి.

మన దగ్గర విశాఖలో కొండలూ సముద్రమూ రన్‌వేకి దగ్గర్లోనే ఉంటాయి. ఇలాంటి చోట్ల దూరం చెప్పే డీఎంఈ కేంద్రమో, దిక్కు చెప్పే వీఓఆర్ కేంద్రమో ఒకటి తీసేస్తే ఖర్చు మిగులుతుందని ఎవరైనా అంటే, మనం ఒప్పుకోకూడదు. భోగాపురం లాంటి కొత్త విమానాశ్రయాలకు ఉపగ్రహ పద్ధతులు ఎంత అవసరమో నేల మీది పరికరాలూ అంత అవసరం. ఆ పరికరాలను ఎండలో వానలో కనిపెట్టుకుని ఉండే ఇంజనీర్లు, వాటి సిగ్నల్ సరిగ్గా ఉందో లేదో గాలిలో తిరిగి కొలిచే క్యాలిబ్రేషన్ విమానాల సిబ్బంది మనకు ఎన్నడూ కనబడరు. సమోవాలో లోపం పుట్టింది ఆకాశంలో కాదు, నేల మీది ఒక పెట్టెలో. ఆ పెట్టెను చూసుకునే మనిషికి తగిన శిక్షణ, తగిన తీరిక, తగిన జీతం ఇవ్వడం కూడా విమాన భద్రతే.

ఇందులో మామూలు మనుషుల పాత్ర కూడా ఉంది. అమెరికాలో న్యూవార్క్ విమానాశ్రయం దగ్గర ఒకతను ట్రక్కు నడుపుతుండేవాడు. తాను ఎక్కడున్నదీ యజమానికి తెలియకూడదని చిన్న జామర్ పెట్టుకున్నాడు. ఆ చిన్న పెట్టె విమానాశ్రయంలో ఉపగ్రహాల ఆధారంగా విమానాలను దించే పరికరాలకు అడ్డుపడింది. 2013లో అతనికి దాదాపు 32 వేల డాలర్ల జరిమానా వేశారు. అతను ఎవరికీ హాని తలపెట్టలేదు. అయినా పక్కనే దిగుతున్న విమానాల దారిలో వేలు పెట్టాడు. మన దేశంలోనూ అనుమతి లేకుండా జామర్లు వాడటం నేరం. మీకు తెలిసినవాళ్ళెవరైనా సరదాకో, టోల్ తప్పించుకోవడానికో ఆన్‌లైన్‌లో కొంటామంటే ఈ కథ చెప్పండి.

సమోవా సంగతికే తిరిగి వస్తాను. ఆ ఘటనను ఎయిర్ న్యూజిలాండ్ దాచుకోలేదు. ఎవరూ చనిపోలేదు కదా అని ఊరుకోలేదు. ఏం జరిగిందో పైలట్ల చేతనే చెప్పించి, ప్రపంచంలోని పైలట్లందరికీ పాఠంగా వీడియో తీసింది. ప్రాణాలు పోకుండా దొరికిన పాఠాన్ని పదిమందికీ పంచడం పెద్ద మనసు.

ఇక ప్రయాణికులుగా మనం చేయగలిగింది ఒకటి మిగిలింది. ఎప్పుడైనా మీ విమానం దిగుతూ దిగుతూ, చక్రాలు నేలను తాకబోతున్నాయనుకున్న సమయంలో ఇంజన్లు పెద్దగా మోగి మళ్ళీ పైకి లేస్తే భయపడకండి. బయటకు వచ్చాక విసుక్కోకండి, అరగంట ఆలస్యమైందని సిబ్బంది మీద కేకలు వేయకండి. సమోవాలో 176 మంది, పారిస్‌లో 178 మంది ఇళ్ళకు చేరింది ఆ పైకి లేవడం వల్లే. లోపల ఇద్దరు పైలట్లు ఒక మీటరును మరో మీటరుతో పోల్చి, రెండూ కలవలేదని తెలుసుకునో, రన్‌వే కనిపించకనో, రేపటి మాటలకు వెరవకుండా వెనక్కు తగ్గి ఉంటారు. దిగాక గుమ్మం దగ్గర వాళ్ళు కనిపిస్తే ఒక నమస్కారం పెట్టండి.